మాట నమ్మినవాడు

(హనుమకొండలో ఒక సినిమా ప్రదర్శన ముగిశాక చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. దీపాలు వెలగగానే చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోతారనుకున్నాను. సగానికి పైగా కూర్చున్నారు. వీరిలో కొందరు టీ కోసం ఉన్నారని నాకు తెలుసు. నా మాటలు అయ్యాకే టీ అని నిర్వాహకులు తెలివిగా ముందే ప్రకటించారు కదా. (నవ్వులు)

నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. సినిమా పండితురాలిని కాను. ఈ సినిమాకే నన్ను ఎందుకు పిలిచారంటే, నాకు ఈ సినిమాలో నాయకుడి లాంటి తమ్ముడు ఒకడు ఉన్నాడని ఇక్కడ చాలామందికి తెలుసు. పరకాల వైపు మా ఊరు. చేలో మిర్చి ఏరుతున్నారు కాబట్టి అతను ఇవాళ రాలేదు. వచ్చి ఉంటే మధ్యలో లేచి, "అక్కా, అది అలా జరగలేదు" అని అందరి ముందు సరిదిద్దేవాడు.

ముందు సినిమా పేరు సంగతి. 'అవర్ ఇడియట్ బ్రదర్'. దీన్ని తెలుగులోకి తేవాలని కూర్చుంటే మొదటి మాట దగ్గర ఇబ్బంది లేదు. చివరి మాట దగ్గర కలం ఆగిపోతుంది. బ్రదర్ అంటే అన్నా, తమ్ముడా? ఆ పేరు చెప్పదు, ఆ భాషకు చెప్పాల్సిన అవసరం లేదు. మనకు అలా కుదరదు. అన్న అనగానే బరువు వచ్చి పడుతుంది. చెల్లెళ్ల పెళ్లిళ్లు, పెట్టుపోతలు, నలుగురిలో నిలబడి మాట్లాడటం. తమ్ముడు అనగానే గారాబం వస్తుంది, చేసిన తప్పును పిల్లతనం కింద కొట్టేసే వీలు వస్తుంది. ఈ సినిమాలో నెడ్ అనే మనిషి వయసులో అన్నలా, వ్యవహారంలో తమ్ముడిలా ఉంటాడు. నేనైతే 'మా వెర్రి తోబుట్టువు' అంటాను. పోస్టరు మీద బాగుండదనుకోండి.

రెండో మాట ఇంకా చిక్కు. ఇడియట్ అనే తిట్టు తెలుగువాళ్లకు కొత్త కాదు, బడిలో మాస్టార్ల నోట విన్నాం. దాని మూలం గ్రీకు భాషలో ఉంది. ఊరి సంగతులు, నలుగురి వ్యవహారాలు పట్టించుకోకుండా తన సొంత పని చూసుకునేవాణ్ని వాళ్లు ఇడియోటెస్ అనేవారు. అంటే నాలుగు గోడల మధ్య మనిషి. ఈ నెడ్‌కు ఆ గోడలే లేవు! లోపలి మాట, బయటి మాట అన్న తేడా తెలియని మనిషిని పట్టుకుని, లోపలి మనిషి అని అర్థం వచ్చే మాటతో తిడుతున్నారు. భాష చేసే చమత్కారాలు ఇలాగే ఉంటాయి.

ఆలస్యంగా వచ్చి ముందు వరసలో దర్జాగా కూర్చున్న మిత్రుల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. సినిమా 2011 నాటిది. ఆ జనవరిలో సండాన్స్ చిత్రోత్సవంలో మొదట చూపించారు, ఆగస్టులో అమెరికాలో విడుదల చేశారు. నెడ్ పాత్రలో పాల్ రడ్. గడ్డం, పొడుగు జుట్టు, ఎవరిని చూసినా ఎప్పటినుంచో తెలిసినవాళ్లన్నట్టు నవ్వే ముఖం. రసాయనాలు లేకుండా కూరగాయలు పండించి అంగట్లో అమ్ముతుంటాడు. మన రైతుబజారులో సొరకాయలు ముందు పెట్టుకుని కూర్చున్న మనిషిని ఊహించుకోండి. యూనిఫారంలో ఉన్న పోలీసు వస్తాడు. ఈ వారమంతా చాలా కష్టంగా గడిచింది, గంజాయి ఏమైనా ఉందా అని అడుగుతాడు. మనలో ఎవరికైనా ఆ ఖాకీ బట్టలు చూడగానే నోరు ఎండిపోతుంది. నెడ్‌కు మాత్రం ఎదురుగా ఒక అలసిపోయిన మనిషి కనిపిస్తాడు. పాపం అని ఇస్తాడు. పోలీసు డబ్బు చేతిలో పెడతాడు. డబ్బు పుచ్చుకున్నాడు కాబట్టి అమ్మినట్టు లెక్క. జైలు.

బయటికి వచ్చేసరికి కలిసి ఉన్న స్త్రీ ఇంకొకరితో ఉంటోంది. పొలం పోయింది, ఇల్లు పోయింది. అన్నిటికన్నా ముఖ్యం, కుక్క పోయింది. ఆ కుక్క పేరు విల్లీ నెల్సన్, అక్కడి ఒక పెద్ద గాయకుడి పేరు. కుక్కను ఇవ్వనంటుంది ఆమె. మనిషి పోయినా ఊరుకున్నవాడు కుక్క దగ్గర మాత్రం ఊరుకోడు. ఇక న్యూయార్కులో ఉన్న ముగ్గురు అక్కచెల్లెళ్ల ఇళ్లు ఒకటి తర్వాత ఒకటి తిరగడం మొదలవుతుంది. అతను ఉన్న ప్రతి ఇంట్లో ఏదో ఒకటి కూలుతుంది.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ తిరగడం మనకు తిరగేసిన బొమ్మ. మన దగ్గర ఆడబిడ్డ పుట్టింటికి రావాలి. బతుకమ్మకు అన్నో తమ్ముడో వెళ్లి తోలుకురావాలి. ఆడబిడ్డ రాని బతుకమ్మ ఆ ఇంటికి వెలితి. వచ్చిన ఆడబిడ్డకు చీర పెట్టి సాగనంపడం మగపిల్లవాడి వంతు. రాఖీ నాడు వరంగల్ బస్టాండులో బస్సెక్కి చూడండి, నిలబడేందుకు చోటుండదు, అందరూ తోడబుట్టినవాళ్ల చెయ్యి వెతుక్కుంటూ వెళ్లే ఆడవాళ్లే. అలాంటిది, ఆడపిల్లల గుమ్మాల ముందు మగవాడు సంచితో నిలబడటం చూస్తే ముందు నాకు నవ్వు రాలేదు. మరొకటి గుర్తుకొచ్చింది. వంతులు. మన ఊళ్లలో ముసలి తల్లిదండ్రులను నెలకొక కొడుకు ఇంటికి పంపుతారు చూడండి, చేతిలో మందుల సంచి, చంకలో చద్దరు. "ఈ నెల వాళ్లది, వచ్చే నెల మాది." నెడ్‌ను అతని తోబుట్టువులు చూసిన చూపు అదే. ప్రేమ లేక కాదు. ఆ ఇళ్లలో ఇంకొక మనిషి పట్టేంత చోటు లేదు, గదుల గురించి కాదు నేను అంటున్నది.

ఏం కూలుతుందో చూద్దాం. పెద్దామె లిజ్ భర్త డాక్యుమెంటరీ సినిమాలు తీస్తాడు. ఒక నర్తకి మీద తీస్తూ ఉంటాడు. ఒకరోజు బావగారు ఒంటిమీద నూలుపోగు లేకుండా ఆమెతో ఉండటం నెడ్ చూస్తాడు. బావ ఏమంటాడు? ఇంటర్వ్యూ కోసమట. నెడ్ అవునా అంటాడు. కొన్నాళ్లకు తోబుట్టువుల దగ్గర ఆ విషయం ఏదో వింతలా మాటల్లో అంటాడు. వినగానే వాళ్లకు అర్థమైంది, చెప్పిన మనిషికి ఇంకా అర్థం కాలేదు. ఆ దృశ్యంలో మీరంతా పెద్దగా నవ్వారు. వెనక వరసలో ఒక అమ్మ మాత్రం నాలుక కరుచుకున్న శబ్దం చేసింది. ఆమె ఎవరో గాని నా మనిషి. (నవ్వులు)

చిన్నది నాటలీ. సిండీ అనే అమ్మాయితో కలిసి జీవిస్తోంది. మధ్యలో ఒక చిత్రకారుడితో కాలు జారి గర్భం దాలుస్తుంది. ఆ సంగతి నెడ్‌తో చెబుతుంది, సిండీకి తానే చెప్పేస్తానంటుంది. చెప్పదు. కుక్కను తెచ్చుకోవడానికి నెడ్ వెళ్తున్నప్పుడు సిండీ తోడు వస్తుంది. చెప్పేసి ఉంటుంది కదా అన్న ధీమాతో ఇతను ఆ మాట ఎత్తుతాడు. అయిపోయింది.

ఇలాంటి మనిషికి మన భాషలో ఒక సామెత సిద్ధంగా ఉంది. నోట్లో నువ్వుగింజ నానదు. నేనూ మొదటిసారి చూసినప్పుడు ఆ సామెతే అనుకుని ముడి వేసేశాను. కాని రెండోసారి చూసినప్పుడు మధ్యామె మిరాండా కథ ఆ ముడి విప్పేసింది. ఈమె పత్రికా రచయిత్రి. ఒక ధనిక స్త్రీని ఇంటర్వ్యూ చేయాలి, ఆమె ఏమీ చెప్పదు. కాని అక్కడే తిరుగుతున్న ఈ గడ్డం మనిషి దగ్గర మనసు విప్పి అంతా చెప్పుకుంటుంది. మిరాండాకు పండగ. ఆ మాటలు నిజమేనని పత్రికవాళ్ల ముందు నెడ్ ఒక్క మాట అంటే చాలు, ఆమె ఉద్యోగం నిలబడుతుంది. నెడ్ అనడు. ఆమె నన్ను నమ్మి చెప్పుకుంది, అది బయట పెట్టడానికి కాదు అంటాడు. తోడబుట్టినదాని జీవితం తలకిందులవుతున్నా అనడు.

అయితే నువ్వుగింజ నానిందన్నమాట! ఇతని నోరు వదులు అని అనుకున్నవాళ్లంతా ఇక్కడ కంగు తినాలి. దాచమని చెప్పింది దాస్తాడు, ప్రాణం పోయినా దాస్తాడు. మరి ఆ రెండు ఇళ్లలో ఏం జరిగింది? బావ ఇంటర్వ్యూ కోసం అన్నాడు, ఇతను నమ్మాడు. ఇంటర్వ్యూ రహస్యం ఎందుకవుతుంది? నాటలీ చెప్పేస్తానంది, ఇతను నమ్మాడు. చెప్పేసిన విషయం రహస్యం ఎందుకవుతుంది? పోలీసు కష్టంగా ఉందన్నాడు, నమ్మాడు. రైల్లో పక్కన కూర్చున్న పరిచయం లేని మనిషి చేతిలో డబ్బు కట్ట పెట్టి, కాస్త పట్టుకోండి అంటాడే, అదీ అంతే. ఆ ఇళ్లు కూలింది నెడ్ నిజాలు చెప్పినందువల్ల కాదండీ. ఆ ఇళ్లవాళ్లు చెప్పిన మాటలు నెడ్ నమ్మినందువల్ల. మనం మాట ఇచ్చేటప్పుడే ఎదుటివాడు దాన్ని సగం నమ్ముతాడన్న లెక్కతో ఇస్తాం. రేపు వస్తాను అంటాం, రాకపోతే వాడూ ఏమీ అనుకోడు. మా ఇంటికి తప్పకుండా భోజనానికి రండి అంటాం, రారన్న ధైర్యంతో. నిజంగా వచ్చాడనుకోండి, వాడు అమాయకుడు. సంచితో వచ్చాడనుకోండి, ఇడియట్.

నెడ్ ఒకచోట తన పద్ధతి చెబుతాడు. ఎదుటివాళ్ల మీద ముందే నమ్మకం పెట్టేస్తే వాళ్లు దానికి తగ్గట్టు ఉండాలనుకుంటారు అని, దాదాపు ఆ అర్థంలో. అంటే ఇది బుద్ధి తక్కువై చేస్తున్నది కాదు, ఎంచుకుని చేస్తున్నది. అందుకే ఆ పేరులోని రెండో మాట అతని మాట కాదు, అక్కచెల్లెళ్ల మాట.

మాటను మాటగా పట్టుకోవడం వల్ల పుట్టే హాస్యం మనకు తాతల నాటిది. పరమానందయ్య శిష్యులు ఎవరు? మాట వినని శిష్యులు కారు, మరీ ఎక్కువగా విన్న శిష్యులు. అందరూ కలిసి సూది తెమ్మంటే, సూదిని అందరూ కలిసి ఎలా మోయాలా అని ఆలోచించి, తాటి దుంగకు గుచ్చి ఆ దుంగను భుజాల మీద మోసుకొచ్చారు. చిన్నప్పుడు శిష్యులను చూసి నవ్వాం. పిల్లలకు పాఠం చెప్పే వయసు వచ్చాక నాకు గురువుగారి మీద జాలి మొదలైంది. నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా దుంగ అంత బరువై తిరిగి ఇంటికి వస్తుంటే ఆయన ఇంకేం మాట్లాడగలడు?

హాస్యం కానిది కూడా ఒకటుంది. అది మన పక్క ఊరిదే. పాలకుర్తి దారిలో బమ్మెర ఎంత దూరం? ఆ పోతన భాగవతంలో వామనుడు వచ్చి మూడడుగులు అడుగుతాడు. బలి సరే అంటాడు. శుక్రాచార్యుడు అడ్డం పడతాడు. వచ్చినవాడు విష్ణువు, ఇచ్చిన మాట తప్పు, ఏమీ కాదు అని చెబుతూ, ఎక్కడెక్కడ అబద్ధం ఆడవచ్చో ఒక ఆటవెలదిలో జాబితా చదువుతాడు. మీకు వచ్చే ఉంటుంది:

వారిజాక్షులందు వైవాహికములందు
ప్రాణ విత్త మాన భంగమందు
చకిత గోకులాగ్రజన్మ రక్షణమందు
బొంకవచ్చు నఘము పొంద దధిప!

ఆడవాళ్ల దగ్గర, పెళ్లి విషయాల్లో, ప్రాణం డబ్బు పరువు పోయే చోట, భయపడిన ఆవుల్ని బ్రాహ్మణుల్ని కాపాడే చోట బొంకవచ్చు, పాపం అంటదు. క్లాసులో ఈ పద్యం చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక ప్రశ్న వేసేవారు. మేడమ్, ఇవన్నీ తీసేస్తే అబద్ధం ఆడకూడని చోటు ఇంకేం మిగిలింది? (నవ్వులు) మంచి ప్రశ్న. శుక్రాచార్యుణ్ని దుర్మార్గుడిగా చూడకండి. ఆయన మన ఇంటి పెద్ద. సంసారం నడిపేవాళ్లకు తెలిసిన సంగతులు చెప్పాడు. ఆయన చెప్పిన ప్రకారం చూస్తే బలి చక్రవర్తి కూడా పరమానందయ్య దగ్గర చేరాల్సినవాడే. అన్న మాట అన్నట్టే పట్టుకున్నాడు, పాతాళానికి పోయాడు.

ఆ పద్యంలో రెండు చోట్లు మా ఇంట్లోనే ఉన్నాయి. ఒకటి విత్తం, ఒకటి వైవాహికం.

విత్తం సంగతి. నేను డిగ్రీ చదువుతున్న రోజులు. మాకు నాలుగెకరాల మిర్చి. ఆ ఏడు కల్లంలో ఆరబోసిన కాయ మీద రాత్రి అకాల వాన పడింది. బాపు, అమ్మ, మేమంతా లేచి పట్టాలు కప్పినా అడుగున కొంత తడిసింది. మళ్లీ ఎండబెట్టి బస్తాలకెత్తి వరంగల్ మార్కెట్‌కు తెచ్చారు. తమ్ముడికి అప్పుడు పదహారేళ్లు, బస్తాల మీద కూర్చుని వచ్చాడు. మిర్చి యార్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పొద్దున జెండా పాట పాడతారు, ఆ రోజు పలికే పై ధర అది. ఆ తర్వాత కొనేవాళ్లు బస్తా బస్తాకూ వచ్చి పిడికెడు కాయ తీసి విరిచి, వాసన చూసి, ధర చెబుతారు. కొనే ఆయన మా బస్తాలో చెయ్యి పెట్టాడు. బాగానే ఉందన్నాడు. మా తరఫున అమ్మిపెట్టే అడ్తిదారు కూడా తలూపాడు. అలవాటు కొద్దీ కొనే ఆయన, "తడవలేదు కదా?" అన్నాడు. అలాంటి చోట అది ప్రశ్న కాదు, దండం పెట్టడం లాంటిది. అందరూ లేదు అంటారు, ఆయన సరే అంటాడు. మా తమ్ముడు, "ఈ నాలుగు బస్తాలూ తడవలేదు. ఆ మూడు అడుగున తడిసినవి, రెండెండలు ఇచ్చాం, ఇంకొక ఎండ పడాలి" అన్నాడు. ఆయన ఏడింటికీ ధర తగ్గించాడు.

తర్వాతి ఏడాది అదే వ్యాపారి వచ్చి, "ఆ అబ్బాయి తెచ్చిన బస్తాలేవి, కళ్లు మూసుకుని కొంటాను" అన్నాడని చెబుతానని మీరు ఎదురు చూస్తున్నారు. మీ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. అలాంటిదేమీ జరగలేదు. ఆయన మళ్లీ కనిపించలేదు. ఎరువుల దుకాణం బాకీ ఆ ఏడు తీరలేదు, వడ్డీతో కలిసి మరుసటి ఏడుకు వెళ్లింది. బాపు పదిహేను రోజులు తమ్ముడితో మాట్లాడలేదు.

నాకు ఈ సినిమాతో ఉన్న తగువు ఇదే. నెడ్ వల్ల కూలినవన్నీ చివర మునుపటికన్నా బాగా లేస్తాయి. లిజ్‌కు మోసం చేసే మొగుడు వదిలిపోతాడు, మంచిదే. మిరాండాకు ఎదుటి ఇంటి స్నేహితుడి మనసు తెలుస్తుంది. నాటలీ, సిండీ మళ్లీ కలుస్తారు. నెడ్ కొవ్వొత్తుల కొట్టు పెట్టుకుంటాడు, అదీ ఎవరితో, తన స్థానంలోకి వచ్చిన ఆ మనిషితోనే. ఆఖరికి కుక్కకు కూడా జోడీ దొరుకుతుంది, దాని పేరు డాలీ పార్టన్, అదీ అక్కడి ఒక గాయని పేరే. గంటన్నర సినిమాలో ఇన్ని పూలు పూయించడం తొందరపాటు. నిజం చెబితే నష్టమే వస్తుంది, ఆ నష్టం అలాగే ఉండిపోతుంది, అయినా ఆ మనిషి మన ఇంట్లో మన పక్కనే కూర్చుని అన్నం తింటాడు. ఆ పూట గురించి ఈ సినిమాకు చెప్పడం చేతకాలేదు, లేదా ధైర్యం చాలలేదు.

ఇంకొక అనుమానం కూడా ఉంది, ఆడవాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇదే కథలో నెడ్ స్థానంలో ఒక అక్కను పెట్టండి. జైలుకు వెళ్లి వచ్చి, పని లేకుండా, ముగ్గురు అన్నదమ్ముల ఇళ్లు తిరుగుతూ వాళ్ల సంసారాల్లో మాటలు జారుస్తూ ఉంటే మనం ఇంత నవ్వేవాళ్లమా? ఆమెను ఏమనేవాళ్లమో నేను ఇక్కడ చెప్పను. మన సినిమాల్లో అమాయకపు అమ్మాయిలకు కొదవలేదు గాని, వాళ్ల అమాయకత్వం ముద్దుగా ఉండాలి, ఎవరి కొంపా కూల్చకూడదు. మగవాడి అమాయకత్వానికి మాత్రం మూడు ఇళ్ల ఖర్చు పెట్టగలం.

అయినా ఒక దృశ్యం దగ్గర సినిమాకు నమస్కారం పెడతాను. తల్లి ఇంట్లో అందరూ చేరి మూగాటలు ఆడతారు చూశారా, సైగలు చేస్తే పేరు చెప్పే ఆట. అప్పటిదాకా అందరినీ భరించిన నెడ్ అక్కడ ఒక్కసారిగా అరుస్తాడు, కనీసం ఈ ఒక్క ఆటైనా సరిగ్గా ఆడలేరా అన్నట్టు. మాటలు లేని ఆట కదా అది, ఆ ఇంట్లో నిజాయితీగా మిగిలిన చోటు అదొక్కటే. దాన్నీ వాళ్లు గొడవకు వాడుకున్నారు. ఆ కోపం నాకు తెలుసు. మా తమ్ముడు జీవితంలో రెండుసార్లు అరిచాడు, రెండుసార్లూ ఎవరూ అనుకోని చిన్న విషయాలకు.

ఆ తర్వాత నెడ్ మళ్లీ జైలుకు వెళ్తాడు. తనమీద నిఘాకు పెట్టిన అధికారిని కూడా స్నేహితుడనుకుని, గంజాయి తాగిన సంగతి కబుర్లలో చెప్పినందుకు. తోబుట్టువులు జామీను కట్టి విడిపించడానికి వస్తే రానంటాడు. లోపల ఉన్నవాళ్లు ఏ మాట అంటే అదే చేస్తారు మరి, బయటికన్నా నయం.

ఈ దృశ్యాల్లో ఇంత తడి ఎలా వచ్చిందంటే ఒక కారణం చెప్పగలను. దర్శకుడు జెస్సీ పెరెట్జ్. కథనం రాసింది ఆయన సొంత తోబుట్టువు ఎవ్‌జీనియా, ఆమె భర్త డేవిడ్ షిస్‌గాల్. ఎవ్‌జీనియా నిజంగానే పత్రికా రచయిత్రి. అంటే అక్కచెల్లెళ్లను పీడించే మగవాడి కథను ఒక ఆడపడుచు, ఆమె పెనిమిటి కలిసి రాసి, తీసుకెళ్లి ఆ మగవాడి చేతిలోనే పెట్టారు. ఆ షూటింగు రోజుల్లో వాళ్లింట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు చాలా కోరిక. బావ పాత్రను అంత అన్యాయంగా రాసింది బావగారే కావడం మరీ ముచ్చట.

టీ వాసన వస్తోంది. రెండో కథ చెప్పి ఆపుతాను, వైవాహికం.

నేను ఇక్కడే కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతుండగా వేసవిలో ఒక సంబంధం వచ్చింది. మా ఇంట్లో నా వయసు రెండేళ్లు తగ్గించి చెప్పారు. ఆ రోజుల్లో అందరూ చేసేదే, మగపెళ్లివారు కూడా మనసులో రెండేళ్లు కలుపుకునే వింటారు. తమ్ముడికి మాత్రం ఈ తగ్గింపు సంగతి ఎవరూ చెప్పలేదు. చెబితే ఊరికి చెప్పినట్టే అని అమ్మ భయం. పెళ్లిచూపులు బాగా జరిగాయి. వెళ్లే ముందు పెళ్లికొడుకు తండ్రి మంచినీళ్లు తెచ్చిన తమ్ముణ్ని ఏదో పలకరింపుగా, "అక్కంటే భయమా నీకు?" అన్నాడు. "నాలుగేళ్లు పెద్దది కదండీ" అన్నాడు ఇతను. "నీకెన్నేళ్లు?" అన్నాడాయన. చెప్పాడు. అంతే. నా వయసు అతను అసలు చెప్పనేలేదు, గమనించండి. కూడిక ఆయన చేసుకున్నాడు.

వాళ్లు మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదో తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే మేం ఆడిన అబద్ధం ముందు చెప్పాలి కదా. ఇంట్లో అందరూ ముఖాలు మాడ్చుకుని తిరిగారు, అతను ఎండల వల్ల అనుకున్నాడు. నేను మాత్రం శ్రావణ మాసంలో రాఖీకి ఊరికి వెళ్లలేదు. పరీక్షలని కబురు పంపాను. పరీక్షలు లేవు.

రాఖీ నాడు పదకొండు గంటలకు హాస్టల్ దగ్గరికి ఎవరో వచ్చారని పిలిస్తే వెళ్లాను. తమ్ముడు. బస్టాండులో కొన్న రాఖీ చేతిలో ఉంది, కాగితంలో చుట్టిన బెల్లంముక్క ఉంది. "నువ్వు పరీక్షల్లో పడి కొనడం మరిచిపోయి ఉంటావని నేనే తెచ్చాను" అని చెయ్యి చాపాడు. కట్టాను. బెల్లం ముక్క నోట్లో పెట్టాను. కాసేపు చెట్టు కింద నిలబడ్డాం. ఊళ్లో వానల గురించి, మిర్చి నారు గురించి చెప్పాడు. తర్వాత ఉన్నట్టుండి, "అక్కా, ఆ సంబంధం వాళ్లు మళ్లీ ఎందుకు రాలేదు?" అన్నాడు.

"వాళ్లకు వేరేచోట కుదిరిందట" అన్నాను.

"పోనీలే, మంచివాళ్లే పాపం" అన్నాడు. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు.